భాష దిద్దుదాం, భావం కాపాడుదాం

(కార్తిక వనభోజనాల సందర్భంగా మారేడుమిల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు మాస్టారుగా పదవీ విరమణ చేశాక బోలెడంత తీరిక దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు. ఏజెన్సీ నుంచి పై చదువులకు వెళ్లిన పిల్లలు తమ పరిశోధన వ్యాసాలు పట్టుకొని వస్తున్నారు. "మాస్టారూ, ఇంగ్లీషు కాస్త చూసిపెట్టండి" అంటారు. ఆ చూడడం గురించే ఈ నాలుగు మాటలు.

రెండో భాషలో రాయడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. గోదావరి కొండల్లోని కొండరెడ్ల మీద 1945లో ఇంగ్లీషులో పుస్తకం వెలువరించిన హైమండార్ఫ్ వియన్నాలో పుట్టినవారు. ఆయన మాతృభాష జర్మన్. మన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష మీద 1931లో వచ్చిన తమ గ్రంథాన్ని ఇంగ్లీషులోనే రాశారు.

మన పిల్లల ఇంగ్లీషులో దొర్లే తప్పులకు చాలావరకు మూలం తెలుగులోనే ఉంది. మనకు ఆర్టికల్స్ లేవు కనుక అవి జారిపోతాయి. "చిన్న చిన్న ఊళ్లు" అనే అలవాటుతో "స్మాల్ స్మాల్ విలేజెస్" అని రాస్తారు. వీటిని దిద్దడం తేలిక. అసలు చిక్కు అర్థం దగ్గర వస్తుంది. మనకు "మనం", "మేము" అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషుకు "వి" ఒక్కటే. కొండరెడ్డి కుర్రవాడు "వి" అని రాస్తే, వాళ్ల ఊరివాళ్లా, పరిశోధకులా, చదివేవాళ్లతో కలిపి అందరమా? అతన్ని అడిగితే గాని తెలియదు.

ఆ మధ్య ఒక అమ్మాయి పోడు సాగు మీద రాసిన వ్యాసం తెచ్చింది. అప్పటికే పట్నంలో డబ్బిచ్చి దిద్దించుకుంది. ఇంగ్లీషు నున్నగా ఉంది. ఒకచోట మాత్రం, రెండు మూడేళ్లు సాగుచేశాక ఊరివాళ్లు ఆ నేలను "అబాండన్" చేస్తారని ఉంది.

"ఏమ్మా, వదిలేసుకుని వెళ్లిపోతారా?" అన్నాను.

"లేదు మాస్టారూ, బీడు పెడతాం. నేల బలం పుంజుకున్నాక మళ్లీ మేమే కొడతాం. ఎవరి పోడు ఎవరిదో ఊరందరికీ తెలుసు" అంది.

ఆమె మొదట రాసింది "లీవ్" అని. అది మరీ చిన్నమాటగా ఉందని దిద్దినవారు పెద్దమాట వేశారు.

ఒక్క మాటకు ఇంత రాద్ధాంతమా అంటారేమో! 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి తమ ఆధీనంలో ఉన్న అటవీ భూమిపై గిరిజనులు హక్కు కోరవచ్చు. ఆ చట్టం కింద చేసిన నియమాల్లో 13వది, పేరున్న సంస్థల పరిశోధనలను కూడా సాక్ష్యంగా చూపవచ్చంటుంది. బీడు పెట్టిన నేల తమదే. మరి వదిలేసుకున్న నేల ఎవరిది? రేపు ఎవరైనా ఆ పేజీ తీసి, "మీ పిల్లే రాసింది కదా" అంటే ఆ ఊరివాళ్లు ఏం చెప్పుకోవాలి?

బీడుకు ఇంగ్లీషు మాట "ఫాలో". వెంబడించడమనే "ఫాలో"కూ దీనికీ ఒక్క అక్షరమే తేడా. రెండూ నిఘంటువులో ఉన్నవే కనుక స్పెల్లింగు మాత్రమే చూసే కంప్యూటరుకు దొరకవు. ఇప్పుడు వాక్యాలకు వాక్యాలే తిరగరాసే కంప్యూటర్లు వచ్చాయి. అవి ఇంగ్లీషును చక్కగానే నునుపు చేస్తాయి. ఆ కొండ మీద బీడు పెట్టారో, వదిలేసుకున్నారో ఆ అమ్మాయికే తెలుసు.

నా పద్ధతి చెబుతాను. మొదటిసారి ఊరికే చదువుతాను. రెండోసారి పెన్సిలుతో ఆర్టికల్స్, క్రియల కాలాలు, వచనాలు దిద్దుతాను. అర్థం మారేలా ఉన్నచోట అంచున ప్రశ్న గుర్తు పెట్టి, పిల్లల్ని కూర్చోబెట్టి "దీన్ని తెలుగులో చెప్పు" అంటాను. ఊరి పేర్లు, అంకెలు వాళ్ల నోటుపుస్తకంతో సరిచూడమంటాను. "పోడు" వంటి మాటను అలాగే ఉంచి, ఒకసారి వివరణ రాయిస్తాను. మొదటి ప్రతిని దాచుకోమంటాను.

మన సంఘంలో ఇంగ్లీషు చెప్పినవారున్నారు, రెవెన్యూలో, అటవీ శాఖలో పనిచేసినవారున్నారు. ఒకరికి భాష తెలిస్తే మరొకరికి రికార్డు తెలుసు. నెలకొక ఆదివారం ఈ పిల్లల కోసం కేటాయిద్దామని మనవి. కళ్లద్దాలు, పెన్సిలు, ఓపిక ఉంటే చాలు. ఈ మూడూ మన దగ్గర పుష్కలంగా ఉన్నాయి.