గాల్ఫు ఆట: చేయి తిరుగుటకు ఎంతకాలము?



మన పల్లెలలో గాల్ఫు ఆటను కన్నులార చూచినవారు చాల అరుదు. నేనును దానిని ఆడినవాడను కాను. చదివియు, విని యు తెలిసికొన్నవాడను మాత్రమే. అయినను ఆ యాటలో ఒక లెక్క కలదు. మనుష్యుడు ఒక విద్యను ఎంత వేగముగా నేర్చునో, ఎచ్చట నిలిచిపోవునో, ఏల నిలిచిపోవునో ఆ లెక్క అంకెలలో చూపును. ముప్పదియైదేండ్లు బడిలో పిల్లలచేత శబ్దములు వల్లె వేయించినవాడ నగుటచేత ఆ లెక్క నా మనస్సును పట్టుకొన్నది. దానిని గూర్చియే ఈ పూట మీతో ముచ్చటింప దలచితిని.

ముందుగా ఆట సంగతి. చిన్ననాడు మనమందఱమును బిళ్ళంగోడు ఆడితిమి, గోలీలాడితిమి. ఈ రెండును కలిపినచో గాల్ఫు అగునని చెప్పవచ్చును. కఱ్ఱతో కొట్టుట మొదటిదానివంటిది, గుంటలో పడవేయుట రెండవదానివంటిది. స్థలము మాత్రము చాల పెద్దది. బంతి బరువు నాలుగు తులములకంటె ఒక పిసరు తక్కువ. గుంట నోరు నాలుగుంబావు అంగుళముల వెడల్పు. విశాలమైన పచ్చికబయలులో ఇట్టి గుంటలు 18 ఉండును. బంతిని మొదట కొట్టుచోటు నుండి గుంటకు నూఱు గజములు మొదలు అయిదువందల గజములకు పైబడి దూరముండును. నడుమ ఇసుక గోతులు, నీటి మడుగులు, చెట్లు. ఆటగాడు పదునాలుగింటికి మించని కఱ్ఱలను వెంటగొని, ఎన్ని తక్కువ దెబ్బలతో ఆ గుంటలనన్నింటిని ముగించునో అంత గొప్పవాడు. స్కాట్లండు దేశమున వర్ధిల్లిన యీ యాటకు కలకత్తాలో 1829లోనే క్లబ్బు ఏర్పడినది. మన హైదరాబాదులో గోలకొండ కోటను ఆనుకొనిన నయాకిలా ప్రదేశమునను, విశాఖపట్టణమునను నేడు గాల్ఫు మైదానములు కలవు.

నిపుణుడు పదునెనిమిది గుంటలను సాధారణముగా 72 దెబ్బలలో ముగింపవలెనని ఒక కొలత. దీనిని పారు అందురు. కొత్తవానికి 110 గాని 120 గాని పట్టును. వీరిరువురును కలిసి ఆడినచో పందెమున రుచి యేమి? మన బండలాగుడు పందెములలో పాలపళ్ళ గిత్తలకును ఆఱుపళ్ళ యెడ్లకును ఒకే బండ కట్టరు కదా! అక్కడ పళ్ళను బట్టి వర్గము లేర్పఱచుదురు. గాల్ఫులో వర్గమునకు బదులుగా ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క సంఖ్య నిత్తురు. దానికి హ్యాండికాపు అని పేరు. మధ్యరకపు మైదానములో 20 సంఖ్య గలవాడు 92 దెబ్బలు కొట్టినాడనుకొనుడు. ఇరువది తీసివేయగా 72 అగును. సున్న సంఖ్య గలవాడు సరిగా 72 కొట్టినయెడల ఇరువురును సమానులు. ఈ యేర్పాటుచేత తాతయు మనుమడును ఒకే పందెమున నిలువగలరు.

పూర్వము దేశమున కొక విధముగా నున్న యీ లెక్క 2020వ సంవత్సరమున ప్రపంచమంతటికిని ఒక్కటిగా చేయబడినది. కొత్తవానికి ఈయదగిన మిక్కిలి పెద్ద సంఖ్య 54. ఆటగాడు కడపట ఆడిన 20 ఆటలలో మేలైన 8 ఆటలను మాత్రము తీసికొని, మైదానముల కష్టసుఖములను కూడ లెక్కించి, వాని సగటునుండి సంఖ్యను నిర్ణయింతురు. మిగిలిన పండ్రెండు ఆటలను విడిచిపెట్టుదురు. కావున ఈ సంఖ్య మనుష్యుని శక్తిని చూపునే గాని అతని నిత్యపు నడతను చూపదు. మంచిరోజున ఎంత చేయగలడో అదియే అతని సంఖ్య. ఈ విషయమును మనస్సున నుంచుకొనుడు, ముందు పనికివచ్చును.

ఇక అసలు ప్రశ్న. కొత్తవాడు ఎంతకాలమునకు ఒక్క అంకె సంఖ్యకు, అనగా పదికి దిగువకు రాగలడు?

అద్భుతముగా త్వరపడి నేర్చినవారు కొందఱు కలరు. కాల్విన్ పీట్ అను నల్లజాతి అమెరికనుడు 1943లో జన్మించెను. బాల్యమున చెట్టుమీదనుండి పడగా ఎడమ మోచేయి విఱిగి, ఆ చేయి మఱల పూర్తిగా చాచుటకు రాలేదు. గాల్ఫు బోధకులు ఎడమచేయి చక్కగా చాచి కొట్టుమని చెప్పుదురు! అతడు పొలములలో పనిచేయు వలసకూలీలకు బట్టలు, నగలు తిరిగి అమ్ముకొని బ్రదుకుచుండెను. 1966లో, 23వ యేట, మిత్రులు విందునకని చెప్పి అతనిని మైదానమునకు తోడ్కొని పోయిరి. ఆఱు మాసములలో అతడు 80 దెబ్బల లోపల ముగింప గలిగెను. ఏడాదిన్నరలో పారుకంటె తక్కువకు వచ్చెను. 1981 మొదలు 1990 వఱకు పదేండ్లు వరుసగా, మొదటి దెబ్బను త్రోవ తప్పక పడవేయుటలో అమెరికా వృత్తి ఆటగాండ్రలో అతడే ప్రథముడు. వంగిన చేయియే అతనికి గురువైనదేమో!

లారీ నెల్సను అను మఱియొకడు వియత్నాము యుద్ధమునుండి తిరిగివచ్చి 21వ యేట ఆట మొదలిడెను. బెన్ హోగను అను మేటి ఆటగాని పాఠముల పుస్తకమును చూచి నేర్చుకొని, తొలిసారియే 100 దెబ్బల లోపలను, తొమ్మిది మాసములలో 70 లోపలను ముగించెను. 1983లో యు.ఎస్. ఓపెను అను మహాపందెమును గెలిచెను.

అయితే వీరు నూటికి కోటికి ఒక్కరు. వీరిని చూచి మన బిడ్డలను, మనలను తూచుకొనుట తగదు. సామాన్యుని కొలత వేఱొక కథలో దొరకును. డాన్ మెక్‌లాలిన్ అను అమెరికా ఫొటోగ్రాఫరు ముప్పది యేండ్ల వయస్సున ఉద్యోగము మాని, 2010 ఏప్రిలులో గాల్ఫు సాధన కారంభించెను. అంతకుముందు అతనికి ఆటలో ప్రవేశము లేదు. పదివేల గంటలు శ్రద్ధగా సాధన చేసినచో ఏమగునో చూడవలెనని అతని సంకల్పము. గుంట ప్రక్కను కొన్ని అడుగుల దూరమునుండి బంతిని దొర్లించుటతో మొదలుపెట్టి, నెలలు గడచినకొలదిని దూరము పెంచుకొనుచు పోయెను. నాలుగైదేండ్లలో అతని సంఖ్య 2.6 వఱకు దిగినది. సుమారు ఆఱువేల గంటల పిమ్మట, 2015లో, నడుము నొప్పిచేత సాధన ఆగిపోయినది. ఉద్యోగము మాని, దినమంతయు శ్రమించిన మనుష్యునికి సున్న అందలేదు; కాని సున్న సమీపము అందినది. ఈ రెండు మాటలును నిజములే.

ఆ పదివేల గంటల మాట ఎక్కడిదని మీరు అడుగవచ్చును. 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్ అను మనశ్శాస్త్రజ్ఞుడును అతని సహచరులును బెర్లినులో వయొలిను విద్యార్థులను పరిశీలించిరి. వారిలో ఉత్తములు ఇరువదియవ యేటికి సగటున పదివేల గంటలకు పైగా ఒంటరిగా సాధన చేసియుండిరి. సగటును లోకులు మంత్రసంఖ్యగా చేసికొనిరి. గంటలు నిండినంతమాత్రమున విద్య రాదనియు, తప్పును కనిపెట్టి దిద్దుకొనుచు చేసినదే సాధన యనియు ఎరిక్‌సను పలుమాఱులు చెప్పెను.

సంఖ్య ఏల మొదట వేగముగా దిగి, పిమ్మట మొండికెత్తును? దీనికి ఉపమానము మన కళ్ళములోనే కలదు. ధాన్యమును తూర్పారబట్టినపుడు పొల్లు గాలికి తానే పోవును. అది గడియ పని. బెడ్డలను చేటతో చెఱిగి తీయవలెను. అది పూట పని. బియ్యములో బియ్యపుగింజవలెనే యుండు తెల్లరాతిని మాత్రము కన్ను పెట్టి ఒక్కొక్కటిగ ఏరవలెను. గాల్ఫులో కొత్తవాని తప్పులు పొల్లువంటివి. బంతికి తగులకపోవుట, నీటిలో పడవేయుట, ఇసుకలో నాలుగేసి దెబ్బలు వ్యర్థము చేయుట. వీనిని మానుకొన్నంతనే సంఖ్య 36 నుండి 20కి దిగును. పది నుండి ఐదునకు దిగవలెనన్న, ఒక్కొక్క ఆటలో నాలుగైదు దెబ్బలను నాలుగైదు వేఱువేఱు చోట్ల ఏరి తీయవలెను. అందుచేత చివరి ఐదునకు మొదటి పదునైదు కంటె ఎక్కువ కాలము పట్టినను ఆశ్చర్యము లేదు.

నా పూర్వశిష్యుడొకడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. నలువది దాటినవాడు. ఆట మొదలిడిన రెండేండ్లలో తన సంఖ్య 36 నుండి 19కి దిగినదనియు, మూడవ యేట ఎంత శ్రమపడినను కదలలేదనియు, తనబోటి వయస్సువానికి ఇక విద్య అబ్బదని విడిచిపెట్టవలసినదేనా యనియు నాకు జాబు వ్రాసెను. నేను అతనికి ఒక్కమాట వ్రాసితిని: "నాయనా, లెక్కకు వచ్చిన ఎనిమిది ఆటలను అటుంచి, లెక్కకు రాని పండ్రెండింటిని చూడుము." అతడు తన పుస్తకము తీసి చూచెను. వెనుకటి యేట అతని చెడ్డ ఆటలు 112, 115 దెబ్బలవఱకు పోయెడివి. ఈ యేట వానిలో ఒక్కటియు 104 దాటలేదు. మంచిరోజు మాఱలేదు గాని చెడ్డరోజు బాగుపడినది. సంఖ్య దానిని చూడజాలదు. బడిలోను ఇట్లే. పరీక్షలో వచ్చిన మార్కులు నిలిచిపోయినవని తండ్రి కోపించును. పిల్లవాడు నిరుడు ఖాళీగా విడిచిన ప్రశ్నలకు ఈ యేడు సగము సగము సమాధానములు వ్రాయుచున్నాడని ఉపాధ్యాయుడే ఎఱుగును. నా శిష్యుడు ఆట విడువలేదు. సంఖ్య ఇంకను 19 గానే యున్నది.

ఇక సాధన చేయు తెఱగు. అనేకులు ఒకే కఱ్ఱతో, ఒకే చోటునుండి, ఒకే గుఱికి వంద బంతులు కొట్టి సాధన చేసితిమని సంతోషింతురు. రామశబ్దమును ప్రథమావిభక్తి నుండి గడగడ చెప్పు పిల్లవానిని "షష్ఠీ ద్వివచన మేమిరా?" అని అడిగినచో, మఱల మొదటినుండి ఎత్తుకొన్నగాని చెప్పలేడు. అది వచ్చినట్లా, రానట్లా? 1986లో అమెరికాలో బాడ్మింటను నేర్చుకొనువారికి మూడు విధములైన సర్వీసులు నేర్పి చూచిరి. ఒక్కొక్కటి వరుసగా చేసినవారికంటె, మూడింటిని కలగలిపి చేసినవారికి తరువాతి పరీక్షలో విద్య బాగుగ నిలిచినది. సాధనవేళ తడబడినను పందెమువేళ పనికివచ్చునది కలగలుపు సాధనయే. నిజమైన ఆటలో ఒకే దెబ్బ రెండుమాఱులు వెంటవెంట రాదు కదా!

దెబ్బలు ఎక్కడ పోవుచున్నవో తెలియుటయు ముఖ్యమే. గుంట ప్రక్కను చేసిన తప్పులే సర్వనాశనమని పూర్వపు నమ్మకము. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ లక్షలకొలది దెబ్బలను లెక్కించి 2014లో ఒక గ్రంథము ప్రకటించెను. మేటికిని సామాన్యునికిని గల భేదములో మూడింట రెండు పాళ్ళు నూఱు గజములకు మించిన దూరపు దెబ్బలలోనే కలదని తేల్చెను. ఎనిమిది అడుగుల దూరమునుండి బంతిని గుంటలోనికి దొర్లించుటలో జగమెఱిగిన వృత్తి ఆటగాండ్రు సైతము ఇంచుమించు సగముమాఱులే సఫలులగుదురు. కొత్తవాడు ఎనిమిది అడుగులనుండి తప్పినంతనే తలపట్టుకొని కూర్చుండుట ఎంత వెఱ్ఱి!

సంఖ్య విషయమున రెండు ప్రలోభములు కలవు. డంబము కోరువాడు చెడ్డ ఆటలను దాచి సంఖ్య తగ్గించుకొనును. పందెము కోరువాడు మంచి ఆటలను దాచి సంఖ్య పెంచుకొనును. మొదటివాడు ప్రతి పందెమునను ఓడును. రెండవవాడు గెలుచును గాని తానెంత నేర్చెనో తనకే తెలియదు. సరియైన సంఖ్య వ్రాసికొన్నవానికే గురువు మందు చెప్పగలడు.

నా యంచనా చెప్పి ముగింతును. వారమున కొకనాడు ఆడి, మఱియొకనాడు బోధకునియొద్ద తప్పులు దిద్దుకొను మధ్యవయస్కుడు ఒకటి రెండేండ్లలో 100 దెబ్బల లోపలికి రావచ్చును. పదికి దిగువకు వచ్చుటకు అటుపిమ్మట మూడు నాలుగేండ్లు పట్టవచ్చును. అనేకులు ఎన్నటికిని రారు. అమెరికాలో సంఖ్య పొందిన పురుషుల సగటే సుమారు 14, స్త్రీల సగటు సుమారు 28. సున్న కోరువాడు గృహకృత్యములను, దేహారోగ్యమును కూడ లెక్కలో వేసికొనవలెను. నడుము విఱుగునంతటి సాధన సాధన కాదు.

పెద్దలారా! మీ యింట నలువదేండ్ల కుమారుడు గాని, అఱువదేండ్ల మీరు గాని కొత్తగ హార్మోనియము పట్టినను, పొరుగు భాష నేర్చినను, మనుమనియొద్ద కూర్చుండి కొత్తయంత్రపు మీటలు తెలిసికొన్నను, మొదటి యేట మిమ్ము మీరే మెచ్చుకొందురు. రెండవ యేట మిమ్ము మీరే నిందించుకొందురు. ఆ రెండవ యేటనే విడువకుడు. అప్పటికి పొల్లు ఎగిరిపోయినది. ఇక రాళ్ళేరుట మిగిలినది. దానికి వెలుతురును ఓపికయు చాలును. వయస్సు అడ్డు కాదు.