గుండెపోటు - ఆసుపత్రిలో తొలి గడియలు



పాఠశాల ప్లాటినమ్ ఉత్సవ సభలో గుండెజబ్బు ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ బడిలో తొలినాళ్ళలో అక్షరాలు దిద్దినవారు నేడు తాతలు, అమ్మమ్మలు. అర్ధరాత్రి వారికి గుండెల్లో నొప్పి వస్తే నిర్ణయం తీసుకొనవలసినది వారి బిడ్డలు, మనుమలే. ఆ నిర్ణయానికి చదువు తోడు కావాలి.

గుండె కండరానికి రక్తమిచ్చే ధమనిలో గడ్డ అడ్డుపడుటయే గుండెపోటు. భీమవరంలో 1895లో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. రక్తం అందని కండరంలో ఆ శక్తినిల్వ నిమిషాలలో హరించుకుపోతుంది. గుండెపోటు నిర్ధారణకు వైద్యులు చిరకాలం కొలిచిన సి.పి.కె. అనే ఎంజైము ఆ పదార్థానికి సంబంధించినదే. నేడు ఆ స్థానంలో ట్రోపోనిన్ పరీక్ష వచ్చినది.

ఒకప్పుడు ఈ రోగులను సాధారణ వార్డులలో పడుకోబెట్టి వారాల తరబడి విశ్రాంతి ఇచ్చేవారు. గుండె లయ తప్పి ఆగిపోతే గమనించే దిక్కుండేది కాదు. 1961లో డెస్మండ్ జూలియన్ అనే బ్రిటిష్ వైద్యుడు, ఇటువంటి రోగులందరినీ ఒకచోట ఉంచి, ఇ.సి.జి.ని నిరంతరం గమనిస్తూ, శిక్షణ పొందిన నర్సులు వెంటనే విద్యుద్ఘాత చికిత్స చేయాలని ప్రతిపాదించారు. హృద్రోగ ప్రత్యేక విభాగాలు అలా పుట్టినవి. ప్రాణరక్షణలో నర్సు వైద్యునితో సమానంగా నిలిచినది అక్కడే.

నేటి పద్ధతి స్పష్టం. రోగి రాగానే 10 నిమిషాలలో ఇ.సి.జి. తీయాలి. ధమని పూర్తిగా మూసుకుపోయినట్లు తేలితే యాంజియోప్లాస్టీతో దానిని తెరవాలి. ఆ వసతి అందుబాటులో లేనిచోట గడ్డను కరిగించే మందు ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపాలి. తమిళనాడులో 2012-14 మధ్య చిన్న, పెద్ద ఆసుపత్రులను ఇలా జతపరచి 2,420 మంది రోగులను పరిశీలించారు. ఏడాదిలోపు మరణాలు నూటికి 17.6 నుండి 14.2కు తగ్గినవి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనే తొలి మోతాదు మాత్రలు ఇచ్చే ఏర్పాటు చేసినది.

మింజూరు నుండి సెంట్రల్‌కు లోకల్ రైలున్నది. స్టేషను ఎదుటనే పెద్దాసుపత్రి ఉన్నది. అయినను రోగిని నడిపించి, మెట్లెక్కించి రైలులో తీసుకుపోరాదు. 108కు ఫోను చేయాలి. గ్యాసు నొప్పి అని సోడా తాగించి తెల్లవారేదాకా వేచియుండరాదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు మాత్రమే కనిపించవచ్చు.

ఆసుపత్రిలో బంధువులకూ బాధ్యత ఉన్నది. నొప్పి ఎప్పుడు మొదలైనదో, ఏ మందులు వాడుచున్నారో డాక్టరుకు సరిగా చెప్పాలి. ప్రత్యేక విభాగంలో గుంపుగా చేరరాదు. అనుమతి లేక ఇంటి భోజనం తినిపించరాదు. రోగిని దింపి నడిపించరాదు. నొప్పి తగ్గినదని మధ్యలో ఇంటికి తీసుకుపోరాదు. స్టెంటు వేసిన పిదప డాక్టరు చెప్పనిదే మాత్రలు ఆపితే గడ్డ మరల ఏర్పడవచ్చు.

స్పృహ తప్పి, శ్వాస ఆగినవారి రొమ్ము నడుమ నిమిషానికి 100 నుండి 120 మార్లు బలంగా నొక్కే విద్యను ఉన్నత తరగతుల పిల్లలు నేర్వగలరు. ఎక్కములతోపాటు ఆ లెక్క కూడా ఈ బడి పిల్లలకు కంఠస్థం అయిన నాడు, అక్షరాలు దిద్దించిన పెద్దల ఋణం కొంతైనా తీరుతుంది.