చేసే ముందు అడగండి

(స్వయం ఉపాధి శిక్షణ ముగించుకున్న యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కుట్టుపని నేర్చినవారున్నారు. మసాలాలు, పచ్చళ్ళు తయారుచేయడం నేర్చినవారున్నారు. గాజుల పని, సంచుల తయారీ నేర్చినవారున్నారు. ఇక ఋణానికి దరఖాస్తు చేసుకోవలసిన సమయం వచ్చింది. ఆ దరఖాస్తును ఇందాక తిరగవేసి చూశాను. యంత్రం ధర ఎంత, ఎక్కడ కొంటారు, గది అద్దె ఎంత, హామీ ఎవరు ఇస్తారు, ఇవన్నీ అడిగారు. మీరు తయారుచేసిన వస్తువును ఎవరు కొంటారన్న ప్రశ్న మాత్రం ఏ పుటలోనూ కనిపించలేదు. దరఖాస్తు అడగకపోయినా ఆ ప్రశ్నను మనకు మనమే వేసుకోవాలి. జవాబు దొరికిన తరువాతే మొదటి రూపాయి ఖర్చు చేయాలి. నేను మనవి చేయవచ్చింది ఇదే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పవలసి వస్తున్నదంటే, మన ఇళ్ళలో పెట్టుబడి అనే మాటకు అర్థం వేరు. అది అమ్మీ చేతి గాజులు కావచ్చు, మెహర్‌గా వచ్చిన బంగారం కావచ్చు, సౌదీలో ఉన్న తమ్ముడు రెండేళ్ళు కూడబెట్టి పంపిన సొమ్ము కావచ్చు. అది పోతే తిరిగి రావడానికి ఒక తరం పడుతుంది. జస్టిస్ రాజేందర్ సచార్ నేతృత్వంలోని కమిటీ 2006లో సమర్పించిన నివేదికను మనం విద్య, ఉద్యోగాల సందర్భంలో తరచుగా ఉటంకిస్తాం. ఆ నివేదికలోనే మరొక అంకె ఉన్నది. అప్పట్లో దేశంలోని ముస్లిం శ్రామికులలో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద బతికేవారు. హిందూ శ్రామికులలో ఆ వాటా 55 శాతం. ముస్లిం మహిళా శ్రామికులలోనైతే 73 శాతం. అంటే నెల జీతం భరోసా లేనివారు మనలో ఎక్కువ. బజారు తెలియకపోతే మనకు కలిగే నష్టమూ ఎక్కువే.

బజారును ముందు చూడడం మనకు కొత్త సంగతి కాదు. హిజ్రత్ చేసి మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి.) చేతిలో ఏమీ లేదు. అన్సారీ సోదరుడు హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి.) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన దువా చేసి, ఆస్తి వద్దని, ఇక్కడ బజారు ఎక్కడున్నదో చెప్పమని కోరారు. బనూ ఖైనుఖా బజారుకు వెళ్ళి నెయ్యి, ఎండుపెరుగుతో వ్యాపారం మొదలుపెట్టారు. ఈ వృత్తాంతాన్ని మనం ఆత్మగౌరవానికి ఉదాహరణగా చెప్పుకుంటాం, సబబే. అయితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో కూడా గమనించండి.

బజారును పరిశీలించడం అంటే నలుగురినీ అడగడమేనని చాలామంది అనుకుంటారు. అడగడంలోనూ తప్పులున్నాయి. అమెరికాలో కోకాకోలా సంస్థ 1980లలో తన పానీయం రుచిని మార్చదలచింది. దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించింది. ఎక్కువమంది కొత్త రుచే బాగున్నదన్నారు. 1985 ఏప్రిల్ 23న కొత్తది విడుదలయింది, పాతది ఆగిపోయింది. జనం ఆగ్రహించారు. ఉత్తరాలు, ఫోన్లు వెల్లువెత్తాయి. 79 రోజులకు పాతదాన్ని తిరిగి తెచ్చారు. అంతమందిని అడిగినా దెబ్బ ఎందుకు తగిలింది? ఒక గుక్క తాగించి రుచి అడిగారే కాని, మీ ఇంట అలవాటైన పాతది ఇక దొరకదు, సమ్మతమేనా అన్నది సూటిగా అడగలేదు. అంత పెద్ద సంస్థ కనుక తట్టుకుని నిలబడింది. గాజులు కుదువపెట్టిన ఇల్లు నిలబడలేదు.

ఇప్పుడు మన దేశం సంగతి. తమిళనాడులోని కడలూరులో సి.కె.రంగనాథన్ 1983లో 15 వేల రూపాయలతో చిక్ షాంపూ ప్రారంభించారు. ఆయన తండ్రి చిన్నికృష్ణన్ షాంపూను చిన్న పొట్లాలలో అమ్మడానికి ఆద్యులలో ఒకరు. సీసా కొనలేని ఇల్లు కూడా ఒక తలంటుకు సరిపడే పొట్లం కొనగలదని తండ్రి గ్రహిస్తే, కొడుకు ఇంకొంచెం ముందుకు వెళ్ళి చూశారు. పల్లెలలో తలకు సబ్బు రుద్దుకునేవారు. షాంపూ ఎలా వాడాలో చాలామందికి తెలియదు. అందుచేత ఆయన మనుషులు ఊరి మధ్య ఒక పిల్లవాడిని కూర్చోబెట్టి తలంటి, ఆ జుట్టును ముట్టుకుని వాసన చూడమన్నారు. ఏ సంస్థవైనా ఐదు ఖాళీ పొట్లాలు తెచ్చి ఇస్తే ఒక చిక్ పొట్లం ఉచితమన్నారు. కొంతకాలానికి, చిక్ ఖాళీ పొట్లాలు తెచ్చినవారికే ఇస్తామన్నారు. ఈ పథకాన్ని ప్రచారపు ఎత్తుగడగా చెబుతారు. నా దృష్టిలో అది జనాభా లెక్క లాంటిది కూడా. ఏ ఊరిలో ఎవరి షాంపూ ఎంత వాడుతున్నారో ఆ ఖాళీ పొట్లాలే చెబుతాయి. నోటితో చెప్పిన మాటకు, చెత్తబుట్టలో దొరికిన పొట్లానికి పొంతన లేకపోతే పొట్లాన్నే నమ్మాలి.

మీ సంగతికి వద్దాం. మీలో ఒక సోదరి బిర్యానీ మసాలా చేసి అమ్మదలచిందని అనుకుందాం. ఈద్ నాడు వచ్చిన చుట్టాలందరూ తిని, "ఆపా, నీ చేతి మసాలా బజారులో పెడితే ఎగబడి కొంటారు" అన్నారు. ఇది పరిశీలన కాదు, మర్యాద. దావత్‌కు పిలిచి పెట్టిన వంటను బాగాలేదనే చుట్టం ఎక్కడైనా ఉంటాడా? పైగా వారు తిన్నది బిర్యానీ, కొనవలసింది మసాలా. ఆ మాంసం, ఆ బియ్యం, ఆ దమ్ము ఆమెవే. ఆ పొట్లాన్ని వేరే ఇల్లాలు తన కుండలో వేస్తే అదే రుచి వస్తుందా? ముందు తేలవలసింది అది.

కాబట్టి "నేను చేస్తే కొంటారా?" అని ఎవరినీ అడగవద్దు. కొంటామనడానికి వారికి ఖర్చేమీ కాదు. జరిగిపోయిన సంగతులు అడగండి. పోయినసారి మసాలా ఎప్పుడు కొన్నారు? ఎక్కడ కొన్నారు? ఎంత పొట్లం, ఎంత ధర? మిగిలినది ఏమయింది? ఇంట్లోనే దంచుకుంటారా? దంచుకుంటే ఎవరు దంచుతారు? ఆ ఇంటి ఖాలా దంచేదని, ఆమె మోకాళ్ళ నొప్పితో మానేసిందని, అప్పటి నుంచి బజారుదే వాడుతున్నారని చెప్పారనుకోండి, మీకు కొనుగోలుదారు ఎవరో తెలిసింది. నలభై ఇళ్ళలో ఇలా కూర్చుని మాట్లాడండి. వాటిలో సగమైనా మీకు పరిచయం లేని ఇళ్ళు కావాలి. మన వీధికి ఆవల ఉన్నవి కావాలి. మన వీధిని మనం బజారు అనుకుంటాం. బజారులో మన వీధి ఒక మూల మాత్రమే.

తరువాత కిరాణా దుకాణం. దుకాణదారు అనుమతి తీసుకుని, ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒక పక్కన నిలబడి చూడండి. నెల మొదటి వారంలో ఒకసారి, చివరి వారంలో ఒకసారి చూడాలి. జీతాలు రాగానే పెద్ద పొట్లం కొన్న ఇల్లే నెలాఖరుకు పది రూపాయల పొట్లానికి దిగివస్తుంది. ఎవరు పేరు చెప్పి అడుగుతున్నారు, ఎవరు "ఏదో ఒక మసాలా ఇవ్వు" అంటున్నారు అన్నది గీతలు గీసి లెక్కపెట్టండి. రెండో రకం వారికి దుకాణదారు ఏది చేతికిస్తే అదే మసాలా. కనుక మీ మొదటి కొనుగోలుదారు అతడే. అతని షరతులు అడిగి రాసుకోండి: పొట్లానికి ఎంత ఉంచుకుంటాడు, డబ్బు ఎన్నాళ్ళకు ఇస్తాడు, అమ్ముడుపోని సరుకు తిప్పి పంపుతాడా.

ఈ చివరి షరతు ఎంత పని చేస్తుందో చూడండి. పొట్లం ధర రూ.50 అనుకుందాం. దుకాణదారు రూ.10 ఉంచుకుంటే మీకు రూ.40 వస్తాయి. దినుసులకు రూ.24, కవరుకూ చీటీకీ రూ.4, మరకూ కరెంటుకూ రూ.3, ఆటోకు రూ.2, మొత్తం రూ.33 ఖర్చు. పొట్లానికి రూ.7 మిగులు, పది పొట్లాలకు రూ.70. బాగానే ఉన్నది. అయితే పదింటిలో రెండు తిరిగి వచ్చాయనుకోండి. ఎనిమిదింటికి రూ.320 వస్తాయి, పదింటికి అయిన ఖర్చు రూ.330. పది రూపాయలు నష్టం. మీ రెక్కల కష్టం లెక్కలోకే రాలేదు. రెండు పొట్లాలు ఎందుకు తిరిగి వచ్చాయన్నది యంత్రం కొన్న తరువాత తెలిస్తే ఏం లాభం? ఇంటి మిక్సీలో ముప్పై పొట్లాలు చేసి, ఉచితంగా కాక ధరకే అమ్మి, నెలాగి చూడండి. మొదటిసారి మొహమాటానికి కొంటారు. రెండోసారి వచ్చి అడిగినవారు ఎందరో, అదే అసలు లెక్క. ఆ ముప్పై పొట్లాలకు ముందే ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేయించుకోండి, ఇంటి తయారీకి మినహాయింపు ఉన్నదని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

మన బజారులో మరొక మాయ ఉన్నది, అది రమజాన్ మాసం. ఆ ముప్పై రాత్రులు లాడ్‌బజార్‌లో నడవడానికి చోటుండదు. గాజులు, అత్తరు, సేమియా, ఖర్జూరం, ఏది పెట్టినా పోతుంది. ఆ జనాన్ని చూసి ఏడాది అద్దెకు గది తీసుకున్నవారు షవ్వాల్ నెలలో ఖాళీ దుకాణంలో కూర్చుంటారు. పైగా మన మాసాలు ఋతువుల వెంట నడవవు, ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి. 2018లో రమజాన్ మే నెల ఎండలలో మొదలయింది. 2030లో జనవరి తొలి వారంలో ఒకసారి, డిసెంబరు చివరలో మరొకసారి మొదలవుతుంది. ఇఫ్తార్ షర్బత్ చేసి అమ్మదలచినవారు, ఇప్పటి అమ్మకంలో ఉపవాసం వాటా ఎంత, ఎండ వాటా ఎంత అని విడదీసి చూసుకోవాలి. పాత ఢిల్లీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ వందేళ్ళకు పైగా క్రితం రూహ్ అఫ్జాను తయారుచేసినది వేసవి తాపానికి ఉపశమనంగా. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీదికి అది తరువాత చేరింది. ఆ రెండు గిరాకీలలో ఏది తగ్గినా రెండోది నిలబెడుతుంది. మీ సరుకుకు రెండో గిరాకీ ఏదో వెదకండి.

ఇబ్బందికరమైన ఒక ప్రశ్నను కూడా దాటవేయరాదు. పొట్లం మీద తయారీదారు పేరు, చిరునామా ముద్రించడం చట్టరీత్యా తప్పనిసరి. మన పేరు చూసి కొననివారు ఉంటారా? ఉంటారు. 2024లో ఉత్తరాదిన కావడి యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలన్న ఆదేశాలు వచ్చినప్పుడు, జులై 22న సుప్రీంకోర్టు వాటిపై స్టే ఇవ్వవలసి వచ్చింది. భయం ఊహ కాదు. అయితే ఆ భయాన్ని అంచనా మీద వదిలేయవద్దు. ముప్పై పొట్లాలలో పదిహేను మన వీధికి ఆవలి దుకాణాలలో పెట్టి, ఎన్ని అమ్ముడుపోయాయో చూడండి. ఎవరూ కొనరని ముందే తీర్మానించుకుని మన గల్లీలోనే కూర్చోవడం, అందరూ కొంటారని నమ్మి అప్పు చేయడం, రెండూ లెక్క చూడకుండా చేసే పనులే. బిర్యానీ మసాలా విషయంలో మన పేరే మంచి చిరునామా కావడానికి కూడా అవకాశం ఉన్నది.

కుట్టుపని నేర్చిన సోదరీమణులారా, మీ బజారు వేరు. మన బస్తీలలో కుట్టుమిషన్ల పంపిణీ జరుగుతూనే ఉన్నది. ఒకే వీధిలో ఇరవై మిషన్లు ఇచ్చి జాకెట్టు కుట్టుకూలి పెరగాలంటే ఎలా? మీ వీధిలో మిషన్లు ఎన్ని, కుట్టించుకునే ఇళ్ళు ఎన్ని అన్నది ముందు లెక్కించండి. ఆ తరువాత పెద్ద కొనుగోలుదారు వైపు చూడండి. తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల పిల్లల ఏకరూప దుస్తులు కుట్టే పనిని 2024లో మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. ఆ పని రావాలంటే సంఘంలో ఉండాలి. మీ బస్తీలో సంఘాలు ఎన్ని, వాటిలో మనవారు ఎందరు? కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి, అందులో మహిళల సంస్థల నుంచి 3 శాతం కొనాలని విధానం ఉన్నది. దానికి ఉద్యమ్ నమోదు కావాలి. అది ఆన్‌లైన్‌లో ఉచితంగానే జరుగుతుంది, దళారికి డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఇక్కడ ఉన్న కార్యకర్త మిత్రులకు ఒక మనవి. మిషన్లు ఇవ్వండని వినతిపత్రాలు చాలా ఇచ్చాం. ఈసారి, పాఠశాలల దుస్తులు, ఆసుపత్రుల దుప్పట్లు, వసతిగృహాల మసాలాలు ఏ జిల్లాలో ఎంత కొన్నారు, ఎవరి వద్ద, ఏ ధరకు కొన్నారన్న వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు. వచ్చిన జవాబును ఈ పిల్లల చేతికివ్వండి. పదివేలు పెట్టి చేయించినా అంతకంటే మంచి సర్వే రాదు.

ఋణ దరఖాస్తులు ఈ రోజే నింపవద్దు. నెల రోజుల గడువు ఉన్నదని నిర్వాహకులు చెప్పారు. ఒక్కొక్కరు ఒక నోటుపుస్తకం తీసుకుని నలభై ఇళ్ళు, ఐదు దుకాణాలు తిరగండి. వచ్చే నెల ఇదే గదిలో మళ్ళీ కూర్చుందాం. మసాలా చేయదలచిన వ్యక్తి లెక్కలు చూసుకుని, వద్దు, ఖాలాల కోసం అల్లంవెల్లుల్లి ముద్ద చేస్తానన్నా సరే, ఏమీ చేయను, గాజులు గాజులుగానే ఉంచుతానన్నా సరే. ఆ నోటుపుస్తకాలు నాకు చూపించండి.