బోర్లా పడుకునే దంపతులకు ఎలాంటి పరుపు మంచిది?

(రోగుల కుటుంబ సభ్యుల కొరకు జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో, ఫిజియోథెరపీ విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది రాత్రి వార్డు వరండాలో చాప పరుచుకొని పడుకున్నారు. కొందరు ఇప్పుడు కూడా నడుము పట్టుకొని కూర్చున్నారు. అందుకే ఈ రోజు మందుల గురించి కాక, పక్క గురించి మాట్లాడదామనుకున్నాను. మన జీవితంలో దాదాపు మూడో వంతు పక్క మీదనే గడుస్తుంది. అయినా బర్రెను కొనేటప్పుడు చూసినంత జాగ్రత్తగా పరుపును చూసి కొనం.

సిరిసిల్ల వైపు నుంచి ఒక దంపతులు మా వద్దకు వచ్చారు. ఇద్దరికీ యాభై ఏళ్ళకు దగ్గర. ఆయన మరమగ్గాల దగ్గర పూటంతా నిలబడి పని చేస్తాడు. ఆమె ఒళ్ళో చాట పెట్టుకొని, వంగి కూర్చొని బీడీలు చుడుతుంది. ఉదయం లేవగానే ఇద్దరికీ నడుము పట్టేస్తుంది. కాసేపు అటూ ఇటూ తిరిగితే సర్దుకుంటుంది. ఆమెకు మెడనొప్పి కూడా ఉంది. వెన్నుపూస అరిగిపోయిందని ఎవరో చెప్పగా భయపడి వచ్చారు. "పరుపుకు పైసలు పెట్టుమంటే పెడ్తం సారూ, ఆపరేషన్ మాత్రం వద్దు" అన్నది ఆమె.

డాక్టరుగారు పరీక్షించి, ప్రమాద సూచనలేమీ లేవన్నారు. ఎలా పడుకుంటారని నేనడిగితే, ఇద్దరూ బోర్లా పడుకుంటామన్నారు. దేని మీద అంటే, బిడ్డ పెళ్ళికి సారెలోకి పరుపు కొన్నప్పుడు తమకూ ఒకటి వాయిదాల మీద తీసుకున్నామన్నారు. అది చెయ్యి ఆనిస్తే దిగిపోయే మెత్తటి స్పాంజి పరుపు. దాన్ని తీసేసి అంతకంటే ఖరీదైనది కొనాలా అన్నది వారి ప్రశ్న. మీ ఇళ్ళలో కూడా ఇదే ప్రశ్న ఉండవచ్చు.

బోర్లా పడుకున్నప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. మన శరీరంలో మొండెం, తుంటి భాగాలు బరువైనవి. మెత్తటి పరుపు మీద పొట్ట, తుంటి కిందికి దిగిపోతాయి. ఛాతీ, కాళ్ళు పైన ఉంటాయి. అప్పుడు నడుము విల్లులా లోపలికి వంగుతుంది. గంటల తరబడి అలాగే ఉంటే వెనుక కీళ్ళు, కండరాలు బిగుసుకుంటాయి. ఊపిరి ఆడాలి కనుక ముఖాన్ని ఒక పక్కకు తిప్పి పెడతాం. మెడ రాత్రంతా మెలితిరిగి ఉంటుంది. ఎత్తు దిండు పెడితే ఆ మెలిక ఇంకా పెరుగుతుంది.

అయితే చెక్కబల్ల మీద పడుకోవాలా? నడుము నొప్పి అనగానే బల్ల మీద, నేల మీద పడుకోమని మన పెద్దలు చెప్పేవారు. చాలాకాలం డాక్టర్లు కూడా అదే చెప్పారు. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ దేశపు పరిశోధన ఒకటి వచ్చింది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపులు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యస్థమైన పరుపు మీద పడుకున్నవారికే ఎక్కువ మేలు కనిపించింది. అది బోర్లా పడుకునేవారి కోసం ప్రత్యేకంగా చేసిన పరిశోధన కాదు. వారికి ఆ మధ్యస్థం కంటే కొంచెం గట్టి వైపు ఉన్నది సరిపోతుంది. గుర్తుంచుకోవలసింది ఒక్కటే: పొట్ట దిగకూడదు, ఎముక ఒత్తకూడదు.

ఇక మనకు దొరికే రకాలు చూద్దాం.

నులక మంచం, నవారు మంచం: ఎండాకాలం వాకిట్లో హాయిగా ఉంటాయి. కాని వదులైతే నడుమ ఉయ్యాలలా దిగుతాయి. ఇద్దరు పడుకుంటే ఇద్దరూ మధ్యకు దొర్లుతారు. బోర్లా పడుకునేవారికి ఇవి పనికిరావు. తప్పనిసరైతే నులక బిగించుకొని, ఒక్కొక్కరు ఒక్కో మంచం వాడుకోవాలి.

దూది పరుపు: ఆదిలాబాద్ పత్తికి పేరున్న ప్రాంతం. నిండుగా దూది కూరి కుట్టించి, చెక్క పలకల మంచం మీద వేస్తే ఇది చక్కగా పనిచేస్తుంది. వాడగా వాడగా దూది ఉండలు కట్టి గుంటలు పడతాయి. అప్పుడప్పుడు ఎండలో వేయాలి. గుంట పడితే దూది ఏకించి మళ్ళీ కుట్టించాలి.

కొబ్బరి పీచు పరుపు: గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది. పైన ఒక అంగుళం స్పాంజి పొర ఉంటే బోర్లా పడుకునేవారికి అనుకూలం.

స్పాంజి పరుపు: అన్నీ చెడ్డవి కావు. సాంద్రత తక్కువైనది త్వరగా గుంట పడుతుంది. అందుకని కొనేటప్పుడు సాంద్రత ఎంతో అడగండి. సాంద్రత మన్నికను తెలుపుతుంది, గట్టిదనాన్ని కాదు. కనుక పడుకొని చూడక తప్పదు. రామగుండం, ఆదిలాబాద్ వంటి చోట్ల ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఛాతీ, ముఖం పరుపుకు ఆనించి పడుకునేవారికి దళసరి స్పాంజి మీద ఉక్కపోత ఎక్కువ.

దుకాణానికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. సిగ్గుపడకుండా, ఇంట్లో పడుకున్నట్లే బోర్లా, పది పదిహేను నిమిషాలు ఇద్దరూ పక్కపక్కన పడుకోండి. వెంట వచ్చినవారిని పక్క నుంచి చూడమనండి. భుజాలు, నడుము, తుంటి దాదాపు ఒకే వరుసలో ఉండాలి. నడుము లోపలికి వంగితే పరుపు మెత్తన. పక్కటెముకలు, తుంటి ఎముకలు, మోకాళ్ళు ఒత్తుకుంటే మరీ గట్టిది. ఒకరు దొర్లినప్పుడు రెండోవారు ఊగిపోతున్నారేమో కూడా గమనించండి.

భార్యాభర్తల్లో ఒకరు 80 కిలోలు, ఒకరు 50 కిలోలు ఉంటే ఒకే పరుపు ఇద్దరికీ కుదరకపోవచ్చు. బరువైనవారికి ఇంకొంచెం గట్టిది కావాలి. అలాంటప్పుడు ఒకే మంచం మీద మూడడుగుల వెడల్పువి రెండు పరుపులు పక్కపక్కన వేసి, పైన ఒకే దుప్పటి పరుచుకోవచ్చు. బోర్లా పడుకునేవారు చేతులు, మోకాళ్ళు చాపుతారు గనుక ఆరడుగుల వెడల్పు ఉంటే మేలు.

పైసలు పెట్టకముందు ఒక వారం ఇలా చేసి చూడండి. నేల మీద రెండు బొంతలు మడత లేకుండా పరిచి పడుకోండి. లేచి కూర్చోవడం కష్టమైన వృద్ధులు మాత్రం ఇలా చేయవద్దు. తల కింద ఎత్తు దిండు తీసేసి పలుచటిది పెట్టండి, లేదా అసలు మానేయండి. పొట్ట దిగువన, తుంటి కింద, మడతపెట్టిన దుప్పటి ఒకటి పెట్టండి. ఉదయం నొప్పి తగ్గితే, తప్పు పాత పరుపుదేనని తెలిసిపోతుంది. వీలైతే మెల్లగా పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకొని పడుకోవడం అలవాటు చేసుకోండి. మొదట రాత్రిలో ఒక గంట చాలు.

2021లో కరోనా రెండో విడతలో ఆక్సిజన్ తగ్గినవారిని బోర్లా పడుకోమని ప్రభుత్వమే సూచించింది. "అది ఊపిరితిత్తులకు మంచిదే కదా" అని కొందరు అడుగుతారు. అది జబ్బు సమయంలో, దిండ్లు అమర్చి, కొంతసేపు చేసే చికిత్స. రోజూ రాత్రంతా అలా పడుకోవాలని దాని అర్థం కాదు. చంటిబిడ్డలను ఎప్పుడూ వెల్లకిలానే, గట్టి పక్క మీద పడుకోబెట్టాలి. మెత్తటి పరుపు మీద బోర్లా పడుకోబెడితే ఊపిరాడక ప్రాణాపాయం కలగవచ్చు.

అన్ని నొప్పులకూ పరుపే కారణం కాదు. కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం లేక మలం మీద పట్టు తప్పినా, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోయినా వెంటనే ఆసుపత్రికి రండి. జ్వరంతో నొప్పి వచ్చినా, బరువు తగ్గుతున్నా, కింద పడ్డ తరువాత నొప్పి మొదలైనా ఆలస్యం చేయవద్దు. నలభై ఏళ్ళలోపువారికి మూడు నెలలకు మించి ఉదయం నడుము బిగుసుకుంటే తప్పక చూపించుకోవాలి.

ఆ సిరిసిల్ల దంపతులు కొత్త పరుపు కొనలేదు. అటక మీది పాత దూది పరుపును ఏకించి, బిగువుగా కుట్టించుకున్నారు. రెండు నెలల తరువాత వచ్చినప్పుడు ఆయన నడుము నొప్పి చాలావరకు తగ్గింది. ఆమె మెడనొప్పి సగమే తగ్గింది. ఆ మిగతా సగం ఒళ్ళోని చాటది. దానికి గంటకోసారి లేచి నడవాలని, చాటను ఎత్తు పీట మీద పెట్టుకోవాలని చెప్పి పంపాము.

మీరు కూడా ఈ రాత్రి ఇంటికి వెళ్తే, మొదట మీ పరుపు మధ్యన చెయ్యి పెట్టి చూడండి. గుంట ఉందా? అక్కడి నుంచే మొదలుపెట్టండి.