పచ్చిజొన్న ఎప్పుడు కోయాలి? ఎన్నిసార్లు విత్తాలి?

పోయిన వీడియో కింద చాలామంది తమ్ముళ్లు ఒకటే అడిగారు, "అన్నా, మేత జొన్న ఎన్ని రోజులకు కోయాలి?" అని. ఒక్క ముక్కలో చెప్పాలంటే, చేనులో సగం మొక్కలు పూతకు వచ్చినప్పుడు. ఒకే కోత రకాల్లో అది దాదాపు 60 నుంచి 65 రోజులకు వస్తుంది. అంతే అయితే వీడియో ఇక్కడే ఆపేయొచ్చు. కానీ ఈ సంగతి తెలిసి కూడా మేము ఒక బర్రెను పోగొట్టుకున్నాం. ముందు అది చెప్తా.

నాలుగేళ్ల కింద. అప్పుడు మాకు ఐదు బర్రెలు. జూన్‌లో తొలకరి పడగానే బాపు 20 గుంటల్లో జొన్న అంతా ఒక్క రోజే విత్తాడు. మొలక బాగా వచ్చింది. తర్వాత మూడు వారాలు వాన జాడ లేదు. బోరులో వచ్చే కాసిన్ని నీళ్లు వరి నారుకే సరిపోతలేవు. పాత మేత అయిపోయింది, గడ్డివాము అడుగుకు వచ్చింది. జొన్న మాత్రం మోకాలెత్తు ఉంది, ఆకులు వాడి చుట్టుకుపోతున్నాయి. "ఎట్లాగూ ఎండిపోతది, కోసి వేద్దాం బాపూ" అన్నది నేనే. పొద్దున్నే, ఖాళీ కడుపుతో ఉన్న బర్రెలకు వేశాం. కాసేపటికే ఒకటి నురగ కక్కుతూ, రొప్పుతూ, కాళ్లు వణికి పడిపోయింది. డాక్టర్ వచ్చేలోపే ప్రాణం పోయింది. ఇంకోటి తూలుతుంటే నరానికి ఇంజెక్షన్ చేశారు, అది బతికింది. చనిపోయింది రోజుకు ఎనిమిది లీటర్లు ఇచ్చే బర్రె. దాని మీద తెచ్చిన అప్పుకు ఇంకా ఏడు కిస్తులు ఉన్నాయి.

మన పెద్దోళ్లు దీన్నే 'నాము' అంటారు. లేత జొన్నలో ఉండే ఒక పదార్థం, పశువు నమిలి మింగాక సైనైడ్ విషంగా మారుతుంది. మొక్క ఎంత లేతగా ఉంటే అంత ప్రమాదం. నీళ్లు లేక వాడితే ఇంకా ఎక్కువ. కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకల్లోనూ ఉంటుంది, కాబట్టి కోత అయిన చేనులోకి పశువుల్ని వదిలి "మేయనీలే" అనుకోవద్దు. కోసి బాగా ఎండబెడితే విషం చాలావరకు తగ్గుతుంది, పొలంలో వాడిపోతే తగ్గదు. ఈ రెండూ ఒకటే అనుకుని మోసపోయేవాళ్లు చాలామంది. పశువు తేడాగా కనిపిస్తే మేత తీసేసి వెంటనే 1962కి ఫోన్ చేయండి. పసరు మందులతో టైం వేస్ట్ చేయొద్దు, ఇందులో నిమిషాలే లెక్క.

ఇప్పుడు అసలు మాట. మేము లేత జొన్న ఎందుకు కోశాం? తెలియక కాదు, ఆ రోజు వేరే మేత లేక. అంతా ఒక్క రోజే విత్తాం కాబట్టి ఒక్కసారే పూతకు వస్తది. అంతకు ముందు కరువు, ఆ తర్వాత తినలేనంత మేత. మిగిలింది ముదిరి, గింజ గట్టిపడి, కాడ కట్టెలా అవుతుంది. తూకం పెరిగిందని మనం సంతోషపడతాం, బర్రె ఆకు తిని కాడ వదిలేస్తది. మాంసకృత్తులు తగ్గి పాలు కూడా తగ్గుతాయి.

అందుకే ఇప్పుడు మడులుగా విత్తుతున్నా. లెక్క చూడండి. మాకు ఇప్పుడు నాలుగు బర్రెలు. ఒక్కోదానికి రోజుకు 25 కిలోల పచ్చిమేత, అంటే మొత్తం 100 కిలోలు. ఎండుగడ్డి వేరే. నీళ్లు అందితే ఒకే కోత జొన్న ఎకరానికి 12 నుంచి 16 టన్నులు వస్తుంది, గుంటకు 300 నుంచి 400 కిలోలు. ఐదు గుంటల మడి కోస్తే టన్నున్నర నుంచి రెండు టన్నులు. అంటే 15 రోజుల పైనే సరిపోతుంది. కాబట్టి 15 రోజులకో మడి, సుమారు రెండు కిలోల విత్తనం. ఐదో మడి విత్తేటప్పటికి మొదటి మడి పూతకు వస్తుంది, 75వ రోజుకు అది ఖాళీ అయి మళ్లీ విత్తడానికి రెడీ. మొత్తం 25 గుంటలు. "మరి మొదటి 60 రోజులు ఏం పెట్టాలి?" అంటారు కదా. వరికోతలప్పుడే గడ్డి కొని వాము వేసి పెట్టుకోండి, గట్ల మీద నేపియర్ నాటుకోండి. నేపియర్ మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత 45 రోజులకోసారి. పదడుగులు పెరిగిందని ఫొటో దిగడానికి ఆగకండి, అప్పటికే ముదిరిపోయి ఉంటుంది.

అక్టోబర్, నవంబర్ విత్తుకు చలిలో జొన్న మెల్లగా పెరుగుతుంది, కాబట్టి నేను ఆఫ్రికన్ టాల్ మొక్కజొన్న వేస్తా. అందులో నాము భయం లేదు. పచ్చిగా వేయాలంటే పీచు వచ్చాక, సైలేజ్‌కు అయితే గింజ పాలు చిక్కబడేటప్పుడు కోస్తా. రెండు సాళ్ల మధ్య అలసంద వేస్తే మాంసకృత్తులు కలుస్తాయి, అది కూడా పూతలోనే కోయాలి.

ఈసారి వాన వెనకబడినా మూడో మడి దాకా విత్తేశాం. రెండో మడి కొంచెం వాడింది, బాపు రోజూ వెళ్లి చూసొస్తున్నాడు, దాని జోలికి ఎవరినీ పోనివ్వట్లేదు. నాలుగో మడి రేపు పొద్దున విత్తుతున్నాం, ఆ వీడియో పెడతా. మీ దగ్గర ఎన్ని పశువులున్నాయో, నీళ్లు ఎంతున్నాయో కామెంట్‌లో రాయండి, ఎన్ని గుంటల మడి కావాలో లెక్క కట్టి చెప్తా.