ఎన్నికల ఫిర్యాదు కాగితం మీదికి రావాలి
(సునాబెడ సభ్యుల సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యవర్గం ఎన్నికలు దగ్గరపడ్డాయి. నామినేషన్లు ఇంకా పడలేదు, ఫిర్యాదులు మాత్రం మొదలయ్యాయి. జాబితాలో పేరు లేదని కొందరు, చందా కట్టినా బాకీ చూపించారని కొందరు, పోలింగు వేళ తమ షిఫ్టుకు కుదరదని కొందరు అంటున్నారు. ఈ మాటలు గేటు దగ్గర, క్యాంటీనులో, టీ కొట్ల దగ్గర తిరుగుతున్నాయి. సంఘం ఆఫీసుకు మాత్రం కాగితం రూపంలో రావడం లేదు. ఈ రోజు ఆ సంగతే మాట్లాడదలచాం.

ఫిర్యాదు చేసినవాడు సంఘానికి శత్రువు కాడు. సంఘం తనదనుకున్నవాడే అడుగుతాడు. కాదనుకున్నవాడు చందా మానేసి ఊరుకుంటాడు. కనుక ఐక్యత పేరు చెప్పి ఎవరి నోరూ మూయించకూడదు. యాజమాన్యాన్ని మనం ఏమడుగుతున్నాం? ఛార్జిషీటు రాతపూర్వకంగా ఇవ్వమంటున్నాం. మా మాట విని తీర్పు చెప్పమంటున్నాం. ఆరోపణ చేసిన అధికారే విచారణకు కూర్చోకూడదంటున్నాం. ఆ న్యాయం మన ఇంట్లోనూ ఉండాలి. పోటీలో ఉన్న మేమే మా మీద వచ్చిన ఫిర్యాదుకు తీర్పు చెబితే ఎవరు నమ్ముతారు?

1962లో కాగితం మిల్లు మొదలైన జేకేపూర్‌కు గానీ, 1964లో విమాన ఇంజన్ల కర్మాగారం వచ్చిన సునాబెడకు గానీ మనవాళ్ళు ఆంధ్ర వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చారు. ఒడియా సోదరులతో, ఆదివాసీ సోదరులతో కలిసి పని చేస్తున్నాం. మన ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే పుడుతున్నాయి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా వారు వెనక రాస్తారు. అందుకని ఒకే మనిషి రెండు రిజిస్టర్లలో ఇద్దరుగా కనబడతాడు. మనలో అప్పారావులు ఎంతమంది లేరు! ఒకరు కట్టిన చందా ఇంకొకరి ఖాతాలో పడితే మొదటివాడి ఓటు పోతుంది. దీనికి కుట్ర అక్కరలేదు, ఒక గుమాస్తా తొందరపాటు చాలు. కానీ సరిదిద్దకపోతే దాన్నే కుట్ర అంటారు.

అందుచేత ఈ పద్ధతిని మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, ముసాయిదా జాబితాను టోకెన్ నెంబరు, తండ్రి పేరుతో సహా తెలుగులోనూ ఒడియాలోనూ నోటీసు బోర్డు మీద పెట్టాలి. చదవడం రానివారికి ప్రతి షిఫ్టులో ఒకరు చదివి వినిపించాలి.

రెండవది, ఫిర్యాదును రిజిస్టరులో రాసి, నెంబరు వేసి, రశీదు ఇవ్వాలి. రాయలేనివారు చెబితే ఆఫీసులో రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి.

మూడవది, పోటీ చేయని ముగ్గురు సభ్యులను సర్వసభ్య సమావేశమే ఎన్నుకోవాలి. వారే ఇరుపక్షాల మాటా విని, చందా పుస్తకాలు చూసి, కారణంతో సహా జవాబు రాసివ్వాలి. జబ్బుచేసి జీతం లేని సెలవులో ఉన్నవాడికి చందా కోత పడకపోతే, బాకీ కట్టించుకుని ఓటివ్వాలా వద్దా అన్నది మన నిబంధనావళి చూసి వారే తేల్చాలి.

నాలుగవది, జాబితా మీద ఫిర్యాదులన్నీ పోలింగుకు ముందే ముగియాలి. లెక్కింపు మీద అభ్యంతరం ఉంటే పెట్టెలకు సీలు వేసి ఉండగానే, గడువులోగా చెప్పాలి. గెలిస్తే ఒప్పు, ఓడితే తప్పు అనే జాబితా ఉండదు.

ఈ వరస మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1995లో ఫుడ్ కార్పొరేషన్ సిబ్బంది సంఘం కేసులో, ఏ సంఘానికి బలముందో రహస్య బ్యాలెట్‌తో తేల్చే పద్ధతిని సుప్రీంకోర్టు చెప్పింది. జాబితా బోర్డు మీద పెట్టాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, సరిదిద్దాలి, ఆ తర్వాతే ఓటు. సింగరేణిలోనూ 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తోనే ఎన్నుకుంటున్నారు. అవి సంఘాల మధ్య పోటీలు. అయినా సంఘం లోపలి ఎన్నికకు ఇంతకంటే తక్కువ జాగ్రత్త చాలదు.

లోపల తేలకపోతే ఏమవుతుంది? 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం నడిచిన కాలంలో రెండు వర్గాలు చెరో కార్యవర్గం జాబితా పట్టుకెళితే, ఎవరు గెలిచారో తీర్పు చెప్పే అధికారం రిజిస్ట్రారుకు ఉండేది కాదు. సివిల్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆఫీస్ బేరర్ల ఎన్నిక వివాదాన్ని సభ్యులు ట్రిబ్యునల్ ముందు పెట్టవచ్చు. ఆ హక్కు ఎవరూ కాదనలేరు. కానీ అక్కడికి వెళ్ళినా రశీదులు, రిజిస్టరే సాక్ష్యం. తీర్పు వచ్చేదాకా యాజమాన్యం మాత్రం "మీలో ఎవరితో మాట్లాడాలి?" అని చేతులు ముడుచుకు కూర్చుంటుంది. వేతన ఒప్పందం అక్కడే ఆగుతుంది. గెలిచినవాడి ఇంట్లోనూ ఓడినవాడి ఇంట్లోనూ ఒకే నష్టం.

బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి గారు రైల్వే కార్మికోద్యమం నుంచి వచ్చినవారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు కూడా, తగాదాను పైవాళ్ళ తీర్పుకు వదిలేకంటే ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవడమే మేలని వాదించారు. యాజమాన్యంతోనే కూర్చోగలిగినప్పుడు, పక్క మిషను మీద పనిచేసే తోటివాడితో కూర్చోలేమా?

ముగ్గురి పేర్లు ఈ సభలోనే చెప్పండి. ఫిర్యాదు ఉన్నవారు రేపటి నుంచి కాగితం తెండి, రశీదు తీసుకోండి. ఓటు ఎవరికైనా వేయండి, సంఘాన్ని మాత్రం నిలబెట్టండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!