చీకటి గదిలో పని ఎవరి చేతిలో? – ఫొటో ప్రింటింగ్ వర్క్‌షాప్‌ను ఎంచుకోవడం గురించి

(మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫొటో ప్రింటింగ్ నేర్చుకోవడానికి ఏ వర్క్‌షాప్‌కి వెళ్లాలన్న ప్రశ్నకూ, స్త్రీల హక్కులకూ ఏమిటి సంబంధం అని మీలో కొందరికి అనిపించవచ్చు. తీరికా డబ్బూ ఉన్నవాళ్ల సరదా కదా అనిపించవచ్చు. కానీ మన సంఘాల ఆఫీసుల్లో, బీరువాల అడుగున, పాత ఫైళ్ల మధ్య నెగటివ్‌లు పడి ఉన్నాయి. వరకట్న హత్యలకు వ్యతిరేకంగా తీసిన ఊరేగింపులు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట పేరుతో రాష్ట్రమంతా తెలిసిన సారా వ్యతిరేక ఉద్యమం, నిజనిర్ధారణకు వెళ్లిన ఊళ్లు వాటిలో ఉన్నాయి. కరపత్రానికో, పత్రికకో కావలసిన ఒక్క ఫ్రేము ప్రింటు వేయించి, మిగతా ముప్ఫై అయిదూ కవర్లో పెట్టేశాం.

ఆ ఫిల్ము ఎక్కువగా ఎసిటేట్‌తో తయారైనది. వేడికీ తేమకీ అది చెడడం మొదలైతే కవరు తెరవగానే వెనిగర్ వాసన వస్తుంది. తర్వాత ఫిల్ము ముడుచుకుపోతుంది, పైపొర లేచిపోతుంది. స్కాన్ చేయిస్తే చాలదా అంటే, స్కాన్ తప్పకుండా చేయించాలి. కానీ హార్డ్ డిస్కు పాడవుతుంది, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి సంస్థ వదిలి వెళ్లిపోతుంది. సరిగ్గా కడిగి, ఆరబెట్టి, జాగ్రత్త చేసిన నలుపు తెలుపు ప్రింటు కంప్యూటర్ లేకుండా మన మనవరాళ్ల కాలందాకా చూడగలిగేది. కాబట్టి రెండూ కావాలి. మనలో కొందరైనా ప్రింటింగ్ నేర్చుకోవాలి.

ఈ పని స్త్రీలకు కొత్తది కాదు. ఆనా ఆట్కిన్స్ 1843 నుంచి సముద్రపు నాచు మొక్కలను నీలి ప్రింట్లుగా తన చేత్తో తీసి పుస్తకంగా కూర్చింది. ఫోటోగ్రాఫులతో వెలువడిన మొదటి పుస్తకంగా దాన్ని చెబుతారు. మన దగ్గర 1892లో లాలా దీన్ దయాళ్ హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత కెన్నీ-లెవిక్ అనే బ్రిటిష్ మహిళకు అప్పగించాడు. అయినా పేరు నిలిచింది యజమానులకే. మన దేశపు మొదటి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హొమాయ్ వ్యారావాలా తొలినాళ్లలో తీసిన ఫొటోలు ఆమె భర్త పేరు మీద అచ్చయ్యాయి. ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చింది 2011లో, ఆమె తొంభై ఏడేళ్ల వయసులో.

ప్రింటు వేసే మనిషికి గుర్తింపు మరీ తక్కువ. కార్టియే-బ్రెసాఁ తన ప్రింట్లు తాను వేసుకునేవాడు కాదు. పారిస్‌లోని పిక్టో లాబొరేటరీలో వోయా మిత్రోవిచ్ వంటి నిపుణులు వేశారు. గోడ మీద మాత్రం ఫొటోగ్రాఫర్ పేరే ఉంటుంది. తెర వెనక శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడం గురించి మనం ఇంటిచాకిరీ విషయంలో ఎంత మాట్లాడామో మీకు తెలుసు. ఇక్కడా అదే సూత్రం. అందువల్ల ‘మాస్టర్ ప్రింటర్’ పట్ల నాకు గౌరవం ఉంది. అయితే గౌరవం వేరు, లొంగుబాటు వేరు. ఎవరి దగ్గర నేర్చుకోవాలో ఎంచుకునేటప్పుడు ఈ తేడాని మరిచిపోకూడదు.

ఇక అడగవలసిన ప్రశ్నలు చెబుతాను.

మొదటిది: అక్కడ మన చెయ్యి తడుస్తుందా? చాలా వర్క్‌షాప్‌లలో ఉస్తాద్ గారు ప్రింటు వేస్తుంటే పదిహేనుమంది చుట్టూ నిలబడి చూస్తారు. దీనికో కారణం ఉంది. కోడక్ 2005లో నలుపు తెలుపు కాగితం తయారీ ఆపేసింది. ‘ఇందు’ పేరుతో ఫిల్మూ కాగితమూ చేసిన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ మూతపడింది. ఇప్పుడు కాగితం బయటి దేశాల నుంచి రావాలి, ఖరీదు ఎక్కువ. కాబట్టి ఫీజు కట్టేముందే అడగండి: ఎన్‌లార్జర్లు ఎన్ని, మనుషులు ఎందరు? ఒక్కొక్కరికి ఎన్ని కాగితాలు ఇస్తారు? మా నెగటివ్ తెచ్చుకోవచ్చా? ప్రింటింగ్ అంటే పొరపాటు పడి దిద్దుకోవడమే. టెస్ట్ స్ట్రిప్ వేసి సమయం తేల్చుకోవాలి, మొహం దగ్గర వెలుగు ఆపాలి, ఆకాశం దగ్గర ఎక్కువ వెలుగు ఇవ్వాలి. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కనిపించిన ఫైబర్ కాగితం ఆరాక కొంచెం ముదురుతుంది. ఇది చూసి వచ్చే విద్య కాదు. ఒక్క రోజు ప్రదర్శన కంటే, నలుగురైదుగురితో వారం రోజులు సాగే తరగతి మేలు.

రెండవది: ఎవరి మొహం ఆయనకు అందం? రంగుల ప్రింట్లు సరిచూసుకోవడానికి కోడక్ లాబొరేటరీలకు పంపిన ‘షర్లీ కార్డు’ల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ మొహమే కొలమానం. మన ఊళ్ల స్టూడియోల్లో పెళ్లిచూపుల ఫొటోకి ‘టచింగ్’ చేసి పిల్లను తెల్లగా చూపించడం మనందరికీ తెలిసిందే. అదే చేతివాటం డార్క్‌రూమ్‌లోకీ వస్తుంది. ఎండలో నాట్లు వేస్తున్న దళిత స్త్రీ మొహాన్ని ప్రింటు చేసేటప్పుడు రెండు ప్రమాదాలున్నాయి. తెలుపు చేస్తే ఆమె ఆమెగా ఉండదు. నిర్లక్ష్యంగా వదిలేస్తే కళ్లూ ముడతలూ నల్లటి ముద్దలో కలిసిపోతాయి. నలుపులోనే వివరం నిలపడం కష్టమైన పని, అది తెలిసినవాడే నిజమైన ఉస్తాద్. ఆయన వేసిన అటువంటి ప్రింటు ఒకటి చూపించమనండి. జవాబు అందులోనే దొరుకుతుంది.

మూడవది: ఒంటికి ఏమవుతుంది? డెవలపర్‌లోని మెటాల్ కొందరికి చేతుల మీద దద్దుర్లు తెస్తుంది. స్టాప్ బాత్ ఆవిరి, హైపో నుంచి వచ్చే వాయువు ఉబ్బసం ఉన్నవాళ్లకు మంచివి కావు. సెలీనియం టోనర్ విషం. గమ్ ప్రింటింగ్‌లో వాడే డైక్రోమేట్ క్యాన్సర్ కలిగించే జాతిది. గాలి బయటికి తోసే ఫ్యాన్ ఉందా, గ్లవ్స్ ఇస్తారా, వాడిన హైపో ఎక్కడ పారబోస్తారు అని అడగండి. గర్భిణీలూ, పాలిచ్చే తల్లులూ డాక్టరును అడగకుండా వెళ్లవద్దు. ‘నేను నలభై ఏళ్లుగా ఉత్త చేతుల్తోనే చేస్తున్నా’ అని గర్వంగా చెప్పే గురువు ఈ విషయంలో గురువు కాడు.

నాలుగవది, చాలామంది నోరు విప్పి అడగనిది: ఆ చీకటి గదిలో మనకు భద్రత ఏమిటి? తలుపు మూసి, ఎర్ర దీపం కింద, భుజం పక్కన భుజం పెట్టి నిలబడే పని ఇది. చెయ్యి పట్టుకుని నేర్పడం ఎక్కడ ఆగుతుందో అందరికీ తెలియాలి. 1997లో విశాఖ తీర్పు, ఆ తర్వాత 2013లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. బాధితురాలు అక్కడ ఉద్యోగి కానక్కర్లేదని ఆ చట్టం స్పష్టంగా చెబుతుంది. వృత్తి శిక్షణ, విద్య అందించే ప్రైవేటు చోట్లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదైనప్పుడు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. చట్టం ఉంది కదా అని ధీమాగా ఉండమనడం లేదు. ఇంతకుముందు అక్కడ నేర్చుకున్న స్త్రీలతో మాట్లాడండి. వాళ్లు ఏం చెప్పారో, ఏం చెప్పకుండా దాటేశారో గమనించండి. ఒంటరిగా ఎవరినీ పంపకండి, ఇద్దరిని పంపండి.

అయిదవది: నెగటివ్‌లో ఉన్న మనిషి. సాధన కోసం మనం తీసుకెళ్లే ఫ్రేములో దెబ్బలు తిన్న స్త్రీ మొహం ఉండవచ్చు. అత్యాచార బాధితురాలిని గుర్తుపట్టేలా ప్రచురించడం నేరం; ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్. పరాయి డార్క్‌రూమ్‌లో చెడిపోయిన ప్రింటు కూడా ఎవరో ఒకరి చేతిలో పడుతుంది. సభలూ ఊరేగింపుల నెగటివ్‌లు తీసుకెళ్లండి, కేసుల నెగటివ్‌లు ఇంట్లో ఉంచండి. అక్కడ వేసిన ప్రింట్లు తన ప్రదర్శనలో పెట్టుకుంటానని గురువు అంటే, ఎవరి పేరుతో, ఎవరి అనుమతితో అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి.

ఇన్ని షరతులు పెడితే ఏ వర్క్‌షాప్‌కీ వెళ్లలేమేమోనని సందేహం రావచ్చు. అన్నీ ఒకేచోట దొరకవు. ఊరు దూరమనో, కాగితాలు తక్కువనో సర్దుకోవచ్చు. భద్రతా, ఆరోగ్యం, నెగటివ్‌లోని స్త్రీ గౌరవం మాత్రం బేరానికి పెట్టేవి కావు. డబ్బు లేకపోతే నీలి ప్రింట్లతో మొదలుపెట్టవచ్చు. రెండు ఇనుప లవణాలు నీళ్లలో కలిపి కాగితానికి పూయడం, ఎండలో పెట్టడం, నీళ్లతో కడగడం, అంతే. డార్క్‌రూమ్ అవసరం లేదు. ఘాటైన ఆమ్లాలు మాత్రం దాని దగ్గరికి రానివ్వకూడదు, విషవాయువు పుడుతుంది.

చివరిగా ఒక మాట. విద్య గురువు దగ్గర ఉండిపోతే అది ఆయన ఆస్తి, నేర్చుకున్న ఒక్కరి దగ్గర ఉండిపోతే ఆమె ఆస్తి. సంస్థ డబ్బుతో వెళ్లిన ఇద్దరూ తిరిగొచ్చి మరో నలుగురికి నేర్పాలన్నది మన మొదటి షరతు కావాలి. వచ్చే సమావేశానికి ప్రతి సంఘమూ తన దగ్గరున్న నెగటివ్ కవర్లు ఎన్నో లెక్కపెట్టి, ఏ ఊరు, ఏ సంవత్సరం, తీసినది ఎవరు అన్నవి రాసి తీసుకురండి. వెనిగర్ వాసన వస్తున్నవి వేరే పెట్టెలో పెట్టండి. ఎవరిని ఎక్కడికి పంపాలో ఆ లెక్క ముందు పెట్టుకుని కూర్చుని నిర్ణయించుకుందాం.